కొత్తపల్లి ఆదర్శ వాటర్‌షెడ్: ఊరికి అందిన సేవ ఎంత, అందనిది ఏది

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిని చూడటానికి వచ్చే బృందాలు ముందుగా చెక్‌డ్యాంల దగ్గరికే వెళ్తాయి. నీళ్లు నిలిచి ఉంటే ఫొటోలు తీసుకుంటారు, కొలతలు రాసుకుంటారు. తమ ఊరికి తిరిగి పోయాక సర్పంచి పెట్టే అర్జీలో ఒకే మాట ఉంటుంది: "మాకూ ఇలాంటి చెక్‌డ్యాంలు కావాలి." వాన నీళ్లు ఒకే వాగులోకి చేరే ప్రాంతాన్ని వాటర్‌షెడ్ అంటారు, ఆ నీళ్లనూ మట్టినీ అక్కడే నిలిపే పథకానికీ అదే పేరు. కొత్తపల్లిలో 1999లో మొదలైన వాటర్‌షెడ్ భాగస్వామ్యం ఇచ్చిన వాటిలో చెక్‌డ్యాంలు ఒక చిన్న భాగం. మిగతాది ఫొటోలో పడదు. ఊరికి వాటర్‌షెడ్ తెచ్చుకోవాలనుకునే వాళ్లు ఏది అడిగి తెచ్చుకోవాలి, ఏది తమంతట తాము చేర్చుకోవాలి అన్నది తేల్చడానికే ఈ సమీక్ష.

సేవ ఇచ్చింది ఒక్క సంస్థ కాదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మెట్ట వ్యవసాయ పరిశోధనకు పేరున్న క్రీడా, ఉపగ్రహ చిత్రాల కోసం అప్పటి నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, ఊళ్లో జనంతో పనిచేయడానికి ఎం.వి. ఫౌండేషన్, కరువు పీడిత ప్రాంతాల పథకం కింద జిల్లా యంత్రాంగం, వీటన్నిటితో పాటు ఊరి వాటర్‌షెడ్ కమిటీ. పరిశోధన ఖర్చుకు ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయం చేసింది. మొత్తం విస్తీర్ణం 465 హెక్టార్లు, అంటే దాదాపు 1,150 ఎకరాలు. ఎక్కువ భాగం నల్లరేగడి. సగటు వాన 800 మిల్లీమీటర్లు. అంటే అనంతపురం లాంటి చోటు కాదు, వాన పడే చోటే. పడిన వాన నిలవకపోవడమే అక్కడి ఇబ్బంది.

ధర సంగతి ముందే చెప్పుకోవాలి. హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద వచ్చిన అప్పటి మార్గదర్శకాల ప్రకారం ఒక వాటర్‌షెడ్‌కు 500 హెక్టార్లు, హెక్టారుకు 4,000 రూపాయలు, మొత్తం 20 లక్షలు. కొత్తపల్లికి దీని మీద శాస్త్రవేత్తల సమయం, వాన కొలిచే ఆటోమేటిక్ కేంద్రం, వాగు ప్రవాహాన్ని నమోదు చేసే పరికరాలు అదనంగా అందాయి. పక్క ఊరికి అదే 4,000తో అదే ఫలితం రాలేదంటే ఆ ఊరి కమిటీని తప్పుపట్టడం అన్యాయం. మైదాన ప్రాంతాలకు ఆ మొత్తం 2009 నుంచి 12,000కు, 2021 నుంచి 22,000కు పెరిగింది. డబ్బు పెరిగింది కానీ, పొలంలో కూర్చుని కొలిచే మనిషి ఖర్చు ఇంకా ఆ లెక్కలోకి సరిగా ఎక్కలేదు.

కట్టడాల పని

కొత్తపల్లిలో కట్టినవి 14 చెక్‌డ్యాంలు, ఒర్రెలకు అడ్డంగా 97 రాతికట్టలు, 60 చిన్న ఊటకుంటలు. ఎండిపోయిన 28 బావుల్లోకి వాననీళ్లు మళ్లించారు. ఈ వరసను గమనించండి. 14 పెద్దవి, 97 చిన్నవి. మన జిల్లాల్లో చాలా వాటర్‌షెడ్‌లలో ఈ నిష్పత్తి తిరగబడుతుంది. రాతికట్టకు బిల్లు చిన్నది, చెక్‌డ్యాంకు పెద్దది, దాని మీద శిలాఫలకం కూడా పెట్టొచ్చు. పై ఒర్రెలను వదిలేసి కింద వాగు మీద చెక్‌డ్యాం కడితే మూడు నాలుగు వానాకాలాల్లో అది మట్టితో నిండిపోతుంది. ఆ తర్వాత అది నీళ్లు నిలిపే కట్టడం కాదు, మట్టి మెట్టు.

రాతికట్ట మామూలు పనే కానీ తప్పు చేయడం చాలా తేలిక. మొదటి వరస రాళ్లు నేలమట్టం నుంచి జానెడు లోతు తవ్విన కాలువలో కూర్చోవాలి. పై అంచు తిన్నగా ఉండకూడదు, మధ్యలో దిగువగా ఉండాలి. లేకపోతే నీళ్లు పక్కల నుంచి దారి చేసుకుని గట్టును కోసేస్తాయి. పెద్ద రాళ్లు దిగువ వైపుకు, చిన్నవి లోపలికి. గుండ్రటి రాళ్లు పనికిరావు, ఒకదాన్నొకటి పట్టుకోవు. రెండు కట్టల మధ్య దూరం కంటి అంచనాతో పెట్టొద్దు. పైకట్ట పాదం ఏ మట్టంలో ఉందో కిందికట్ట తల అదే మట్టంలో ఉండాలి. ఒర్రె వాలు నూటికి మూడు, కట్ట ఎత్తు 75 సెంటీమీటర్లు అయితే దూరం 25 మీటర్లు వస్తుంది. దూరం 50 మీటర్లు పెడితే మధ్యలో సగం ఒర్రె కోతకు వదిలేసినట్టే.

చెక్‌డ్యాంలు చెడేది గోడ బలం తక్కువై కాదు. మత్తడి మీంచి దూకిన నీళ్లు పడేచోట రాతి పరుపు చాలకపోతే కింద గుంట పడుతుంది, గుంట పునాది కిందికి పాకుతుంది. లేదంటే రెక్కగోడలు గట్టులోకి చాలినంత లోపలికి పోక, పక్క మట్టి కొట్టుకుపోయి వాగు డ్యాంను చుట్టుకుని పోతుంది. గోడ చెక్కుచెదరకుండా నిలబడే ఉంటుంది, నీళ్లు మాత్రం పక్క నుంచి పోతాయి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడే వెళ్లి ఈ రెండు చోట్లు చూస్తే రెండు ట్రాక్టర్ల రాళ్లతో సరిపోతుంది. ఏడాది ఆగితే కొత్త టెండరు కావాలి.

ఎండిన బావుల్లోకి నీళ్లు మళ్లించడం కొత్తపల్లి నుంచి నేర్చుకోవలసిన చవకైన పని. అయితే పొలం నీళ్లను నేరుగా బావిలోకి వదలకూడదు. ముందు ఒక గుంట, అందులో అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. గుంట అడుగు నుంచి పైపు బావిలోకి వెళ్లాలి. పైపు మూతి బావి ఒర మీద నీళ్లు కొట్టకుండా లోపలికి చొచ్చుకుని ఉండాలి, లేకపోతే ఒర కూలుతుంది. నల్లరేగడిలో అసలు చిక్కు ఇసుక పొర దగ్గరే వస్తుంది. ఆ బంక మట్టి ఒక్క వానాకాలంలోనే ఇసుక మీద అట్ట కట్టేస్తుంది. మృగశిరకు ముందు పై బెత్తెడు ఇసుక గీకి తీసి కొత్తది పోయకపోతే మరుసటేడు గుంటలో నీళ్లు నిలుస్తాయి, బావికి చుక్క రాదు. ఇక తాగునీటి బావికి ఈ పద్ధతి అసలు వద్దు. పత్తిచేను మందులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

కొలత అనే సేవ

ఈ భాగస్వామ్యానికి ఎక్కువ మార్కులు ఇవ్వాల్సింది ఇక్కడ. ఊళ్లో 62 తెరిచిన బావుల్లో నీటిమట్టం పదిహేను రోజులకోసారి రాశారు. వాటర్‌షెడ్ లోపలే పనులు జరిగిన భాగానికి ఒకటి, జరగని భాగానికి ఒకటి చొప్పున ప్రవాహం కొలిచే పరికరాలు పెట్టారు. పని చేయని భాగాన్ని కూడా కొలవడం వల్లే "వాన బాగా పడింది కాబట్టి నీళ్లొచ్చాయి" అనే వాదనకు జవాబు దొరికింది.

2000లో వాన 1,161 మిల్లీమీటర్లు. పనులు లేని భాగం నుంచి పొర్లిపోయింది 118 మిల్లీమీటర్లు, పనులు జరిగిన భాగం నుంచి 65. తేడా 53. ఒక మిల్లీమీటరు వాన ఎకరంలో పడితే దాదాపు 4,000 లీటర్లు. అంటే ఎకరాకు రెండు లక్షల లీటర్లకు పైగా ఆగినట్టు, 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభైకి మించి. అదే ఏడాది కొట్టుకుపోయిన మట్టి హెక్టారుకు ఒకవైపు 4.17 టన్నులు, మరోవైపు 1.46 టన్నులు. మూడెకరాల రైతుకు ఏడాదికి ఒక ట్రాక్టరు ట్రాలీ మట్టి మిగిలిందనుకోవచ్చు. పోయేది పై పొర, సారమంతా ఉండే పొర.

తర్వాతి ఏళ్ల లెక్క ఇంకా శ్రద్ధగా చదవాలి. 2001లో వాన 612. పొర్లింది 31, 22. తేడా 9 మిల్లీమీటర్లే. 2002 కరువు ఏడాది, 464 మిల్లీమీటర్లు పడ్డాయి. పనులు లేని చోట 13 పొర్లింది, పనులు జరిగిన చోట ఏమీ పొర్లలేదు. మంచి వాన పడినప్పుడు కట్టడాలు ఎక్కువ ఆపుతాయి. వాన లేనప్పుడు ఆపడానికే ఏమీ ఉండదు. కరువు ఏడాదిలో బావిలో ఉండేది రెండేళ్ల కింద దాచుకున్న నీళ్లు. చెక్‌డ్యాం కడితే కరువు పోతుందని చెప్పే వాళ్లకు ఈ మూడు ఏళ్ల అంకెలు చూపించాలి.

మీ ఊళ్లో ఇంత పరికరం అక్కర్లేదు. వానమాపకం ఒకటి, ముడులేసిన తాడుకు కట్టిన బరువు ఒకటి, నోటుపుస్తకం ఒకటి చాలు. పది బావులు ఎంచుకోవాలి. వాగు పక్కవి నాలుగు, మధ్యలో మూడు, మెరక మీద మూడు. వాగు పక్కవి మాత్రమే కొలిస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. మోటరు ఆపి కనీసం ఆరేడు గంటలయ్యాక, తెల్లవారుజామున కొలవాలి. మోటరు నడుస్తుండగా కొలిచిన అంకె ఎందుకూ పనికిరాదు.

పొలంలో జరిగింది

కట్టడాలు బావి ఉన్న రైతుకే మేలు చేస్తాయి. బావి లేని రైతుకు ఏం దక్కింది అన్నదే ఏ వాటర్‌షెడ్‌కైనా పెట్టాల్సిన పరీక్ష. కొత్తపల్లిలో ఈ ప్రశ్నకు కొంత జవాబు ఉంది, అది మట్టి పరీక్ష రూపంలో ఉంది. పరీక్షలో నత్రజనితో పాటు గంధకం, జింకు, బోరాన్ కూడా తక్కువని తేలింది. ఇక్రిశాట్ చెప్పిన మోతాదు ఎకరాకు జిప్సం 80 కిలోలు, జింక్ సల్ఫేట్ 20 కిలోలు, బోరాక్స్ రెండు కిలోలు. ఇందులో బోరాక్స్ దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. ఎకరానికి రెండు కిలోలంటే చేత్తో సమంగా చల్లడం కుదరదు, ఒకచోట ఎక్కువ పడితే ఆ మొక్కలు మాడతాయి. జిప్సంలో బాగా కలిపి చల్లాలి. జింక్ సల్ఫేట్‌ను డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులతో కలిపి వేయకూడదు. రెండూ కలిస్తే మొక్కకు అందని రూపంలోకి మారిపోతాయి. జింకు ప్రతి ఏడూ అక్కర్లేదు, రెండు మూడేళ్లకోసారి చాలు.

మంచి విత్తనం, ఈ ఎరువులు, నిలిచిన తేమ కలిసి పనిచేశాయి. పనులకు ముందు హెక్టారుకు 1,500 కిలోల చుట్టూ ఉన్న మక్కజొన్న తొలి ఏళ్లలోనే 3,000 దాటింది. పక్కన వేసిన కంది 200 కిలోల లోపు నుంచి 600 పైకి చేరింది. 200 హెక్టార్లున్న పత్తి నాలుగేళ్లలో సగమై, ఆ నేల మక్క, కంది, శనగలోకి మారింది. అయితే ఈ దిగుబడిని చెక్‌డ్యాంల ఖాతాలో వేసి చెప్పడం సరికాదు. చాలా ప్రచార పత్రాల్లో అదే జరుగుతుంది. విత్తనం మార్చి, జింకు వేసి, గెట్టు సరిచేసుకున్న బావి లేని రైతుకు కూడా దిగుబడి పెరిగింది. సేవలో మేలైన భాగం అదే.

వెడల్పు మడులు, కాలువల పద్ధతికి మాత్రం అందరికీ సిఫారసు ఇవ్వలేం. మడి, కాలువ కలిపి 150 సెంటీమీటర్లు, స్వల్ప వాలు మీద. నల్లరేగడిలో వాన ఎక్కువైతే నీళ్లు కాలువలో పోతాయి, మడిలో వేరు కుళ్లదు. అదే తేలిక చల్కా నేలలో మడి నిలవదు, రెండు వానలకు చదునవుతుంది. ఎడ్లతో లాగే ట్రోపికల్టర్ అనే పనిముట్టు ఉంటేనే మడులు కుదురుగా వచ్చేవి. ఎడ్లే తగ్గిపోయాక ఈ పద్ధతికి ట్రాక్టరు పనిముట్టు ఊళ్లో అద్దెకు దొరికితేనే అర్థం ఉంది. కాలువ చివర గడ్డి నాటిన దారి లేకపోతే నీళ్లన్నీ పక్కవాడి చేనులో పడి గెట్టు పంచాయితీ మొదలవుతుంది.

ఆడవాళ్ల సంఘాల వానపాముల ఎరువు పని గురించి ఒక్క విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గెట్ల మీద పెరిగే వయ్యారిభామను వాళ్లు ముడిసరుకుగా వాడారు. పూతకు రాకముందే కోయాలి. పూసిన మొక్క వేస్తే ఎరువుతో పాటు గింజలు కూడా పొలానికి చేరతాయి. చేతికి గుడ్డ చుట్టుకుని కోయకపోతే దురద, దద్దుర్లు. కోసిన దాన్ని పేడనీళ్లతో పొరలుగా వేసి, రెండు వారాలు మగ్గి వేడి దిగాక వానపాములు వదలాలి, చదరపు మీటరుకు వెయ్యి దాకా. వేడి కుప్పలో వదిలితే ఒక్క రాత్రిలో అన్నీ చస్తాయి. ఎరువు తీసే నాలుగు రోజుల ముందు నీళ్లు ఆపి, పైపొరను ఎండనివ్వాలి. పాములు తేమ కోసం అడుగుకు పోతాయి, పై ఎరువును కుప్పగా తీసుకోవచ్చు. గెట్ల మీద అర మీటరు దూరంలో పచ్చిరొట్ట కోసం గిరిపుష్పం (గ్లైరిసిడియా) నాటడం కూడా ఇందులో భాగమే. 700 మీటర్ల గెట్టు మీది ఆకు ఏడాదికి హెక్టారుకు 30 కిలోల నత్రజని ఇస్తుందని లెక్క కట్టారు. యూరియా లెక్కలో 65 కిలోలు, బస్తాన్నర.

కందిలో శనగపచ్చ పురుగుకు చేసిన పని మందుల షాపు యజమానికి నచ్చకపోవచ్చు, మనకు నచ్చాలి. వరసల మధ్య ప్లాస్టిక్ పట్టా పరిచి, కంది మొక్కను మెడ దగ్గర పట్టుకుని నెమ్మదిగా దులుపుతారు. పెద్ద పురుగులు టపటపా రాలతాయి. ముగ్గురు మనుషులు చాలు, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చేయాలి. రాలిన పురుగులు కోళ్లకు వేయొచ్చు. లేదంటే వాటితోనే ఎన్‌పీవీ వైరస్ ద్రావణం తయారుచేయొచ్చు. ఎకరాకు 200 ఎల్.ఇ. (వైరస్ సోకిన ఒక పురుగు నుంచి వచ్చే ద్రావణం ఒక ఎల్.ఇ.) మోతాదు, బెల్లం కలిపి, కొంచెం బట్టల నీలం మందు వేసి, సాయంత్రం పూటే కొట్టాలి. ఎండలో కొడితే వైరస్ చచ్చిపోతుంది, రైతు "ఇది పనిచేయదు" అని తేల్చేస్తాడు. పురుగు చిన్నగా ఉన్నప్పుడు కొట్టాలి, వేలంత అయ్యాక వైరస్ దాన్ని చంపేలోపే అది కాయ తినేస్తుంది.

అందనిది

నీళ్లు పైకొచ్చాక వాటిని ఎవరు, ఎంత తోడుకోవాలి? ఈ ప్రశ్నకు సేవలో జవాబు లేదు. కట్టడాలకు కమిటీ ఉంది, ఖాతా ఉంది, నిర్వహణ నిధి ఉంది. తోడకానికి మాత్రం కట్టుబాటు లేదు. ఏ ఊళ్లోనైనా బావిలో నీళ్లు పైకొచ్చిన మరుసటేడు జరిగేది కొత్త బోరు. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి. పొలాల్లోకి వచ్చే బోరు బండిని ఆపి ఆ కాగితం అడిగేవాళ్లు కనబడరు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలు. ఊరంతా కలిసి ఇంకించిన నీళ్లను లోతు బోరు వేసుకోగలిగిన వాడు తోడుకుంటాడు, తెరిచిన బావి రైతు బావి మళ్లీ అడుగంటుతుంది. 62 బావులు కొలిచిన చోటే ఆ కొలతల్ని చూపి "ఈ యాసంగికి ఇన్ని ఎకరాల వరి మించొద్దు" అని గ్రామసభలో చెప్పే పద్ధతి కూడా పెట్టి ఉంటే సేవ పూర్తయ్యేది. ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఈ పనే చేసింది. వానాకాలం అయ్యాక రైతులే నీటి లెక్క వేసి, రబీ పంటలు ఎంచుకున్నారు. అక్కడ కట్టడాలు తక్కువ, లెక్క ఎక్కువ. ఈ రెండూ ఒకే ఊళ్లో కలవాలి.

రెండో లోటు కింది వాళ్ల సంగతి. కొత్తపల్లి నీళ్లు ఉస్మాన్‌సాగర్ వైపు పారతాయి. 2002లో పనులు జరిగిన భాగం నుంచి చుక్క పొర్లలేదని పైన చూశాం. ఒక ఊరికి అది విజయం. పైనున్న ఊళ్లన్నీ అదే చేస్తే, మామూలు ఏడాదిలో కూడా కింది చెరువుకు రావలసిన నీళ్లు తగ్గుతాయి. వాన నీళ్లను పొలంలో నిలిపి పంటకు వాడటం తప్పని మేం అనం. ఎకరాకు పండే తిండి పెరుగుతుంది, కిందికి పోయే మట్టి తగ్గుతుంది, చెరువు పూడిక కూడా తగ్గుతుంది. కానీ ఆ లెక్కను ముందే వేసి, కింది ఊళ్లతో మాట్లాడి చేయడం భాగస్వామ్యం అనే మాటకు తగిన పని.

ఇక ఈ సేవను తెచ్చుకునే వాళ్లు సంతకం పెట్టే ముందు అడగవలసినవి. పని మొదలయ్యే ముందు ఒక వానాకాలమైనా బావుల మట్టం రాస్తారా? చెక్‌డ్యాంలకు ముందు పై ఒర్రెల్లో ఎన్ని రాతికట్టలు ఉన్నాయో అంచనాలో విడిగా చూపిస్తారా? సొంత పొలంలో పనికి రైతు ఎంత పెట్టుకోవాలి? కొత్తపల్లిలో విత్తనం, పనిముట్టు లాంటివి ఉచితంగా పంచకపోవడం మంచిదైంది. డబ్బు పెట్టిన రైతు మర్చిపోకుండా వాడాడు. సంస్థ వెళ్లిపోయాక నిర్వహణ నిధి ఖాతా మీద ఎవరి సంతకాలు ఉంటాయి, అందులో బావి లేని రైతు ఒకరు ఉంటారా? పూడికతీత ఉపాధి హామీ పనుల జాబితాలో ఏటా ఎక్కించే బాధ్యత ఎవరిది? తీసిన ఒండ్రు ఎవరి పొలానికి పోతుంది? చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోండి. ట్రాక్టరు ఉన్నవాడి పొలానికే ఆ మట్టి పోవడం చాలా ఊళ్లలో జరిగేదే.